లక్కముద్ర వేసిన మోటారుసైకిలు

అనగా అనగా, రాజులు గుర్రాలు దిగి మోటారుసైకిళ్లు ఎక్కిన కొత్తలో, పిడుగుపల్లి అనే సంస్థానం ఉండేది. నౌకర్లు పెట్రోలు దొంగిలిస్తారన్న అనుమానంతో, దాని రాజు ట్యాంకు మూతకు స్వహస్తాలతో లక్కముద్ర వేసేవాడు.

రోహిణికార్తెలో బండి రోజూ రెండు మైళ్లకే ఆగిపోసాగింది. ఒకనాడు సంత నడుమ ఆగింది.

"పెట్రోలులో నీళ్లు కలిపావు కదరా!" అని రాజు, బండి బాగోగులు చూసే గవరయ్యపై మండిపడ్డాడు. "ఒప్పుకో! లేకుంటే దొంగవని ఇక్కడే దండోరా వేయిస్తాను."

మూత మీద గాలి కోసం ఉన్న సూదిబెజ్జాన్ని ఎండకు కరిగిన లక్క పూడ్చేసిందని గవరయ్య అప్పటికే కనిపెట్టాడు. కానీ రాజముద్రను నౌకరు తప్పుపడితే రాజు వినడు. అందుకే సిద్ధంగా తెచ్చుకున్న కొమ్ముచెంబు అందించాడు.

"ముందు మజ్జిగ పుచ్చుకోండి ప్రభూ."

రాజు చెంబు వంచాడు. కొమ్ములోంచి రెండు చుక్కలు రాలి ధార ఆగిపోయింది.

"మజ్జిగ ఎవరు దొంగిలించారు ప్రభూ?"

"చెంబు నిండుగానే ఉందిరా మూర్ఖుడా! పైన మూతిని లక్కతో మూసేశావు. గాలి లోపలికి పోనిదే మజ్జిగ బయటికెలా వస్తుంది?"

"తమ బండి కూడా రోజూ ఆ మాటే మొరపెట్టుకుంటోంది ప్రభూ."

సంతంతా ఊపిరి బిగబట్టింది. రాజు తన గోటితోనే ముద్ర గీకాడు. ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది. బండి పొలిమేర దాటేదాకా ఆగలేదు.

"ఎక్కండి, గవరయ్యగారూ," అన్నాడట రాజు, బండి కదిలించే ముందు.

ఈ కథ నాకు మొదట చెప్పినది మా నాయనమ్మ సింహాద్రమ్మ. ఆమె గవరయ్యగారి మనవరాలు.