పులి గడ్డి ఎందుకు కొరుకుతుంది?

ఒకప్పుడు పులులు మందలుగా తిరిగేవి. మేకలమందలు తిరిగినట్టే! ఒక్కో కొండ మీద రెండేసి వందల పులులు. గడ్డి మాత్రం అక్కడ నాలుగు పరకలు, ఇక్కడ నాలుగు పరకలు ఉండేది. దాన్ని పట్టించుకున్నవాళ్లే లేరు. పులులు దాని మీదే దొర్లేవి, దాని మీదే కుస్తీలు పట్టేవి, ఎండ తగ్గేదాకా దాని మీదే గురకలు పెట్టి నిద్రపోయేవి.

ఇప్పలకొండ మీద కూడా అంతే. ఆ కొండ మీద చారలమ్మ అనే ఆడపులి ఉండేది. మాట కరుకు, మనసు మెత్తన. ఆమెకు ఒక్కడే కొడుకు. వాడి పేరు బొద్దుగాడు. పేరే బొద్దు, మనిషి మాత్రం ఎముకల గూడు, పాపం. మనిషి అన్నానా? పులిపిల్ల అనుకోండి.

వాడు ఎందుకలా చిక్కిపోయాడు? ఆ ఎండాకాలం చారలమ్మకు పాలు ఎండిపోయాయి. పాలెందుకు ఎండిపోయాయి? ఆమెకు తిండి లేదు. కొండ మీద జింకల్ని చాలావరకు పులులు తినేశాయి. మిగిలినవి ఒకటీ అరా తప్ప మేత దొరక్క కొండ దిగి వెళ్లిపోయాయి.

"అమ్మా, పాలు!" అని బొద్దుగాడు రోజంతా అరిచేవాడు. వాడు అరిచినన్ని రోజులూ చారలమ్మ ఎలాగో ఓర్చుకుంది. ఒకరోజు పొద్దున వాడు అడగడం మానేశాడు. కళ్లు మూసుకుని ఊరికే పడుకున్నాడు. అప్పుడు ఆమెకు నిజంగా భయం వేసింది.

పరుగున కొండ కొమ్ముకి ఎక్కి, ఆకాశంలో సూర్యుడి వైపు చూసి అరిచింది. "పొద్దుతాతా! లోకానికంతా బలం నువ్వే ఇస్తావంటారు. మరి మధ్యలో ఈ జింకల పెత్తనం ఏమిటి? నా వాటా నాకు నేరుగా ఇచ్చెయ్!"

"నేను పోస్తూనే ఉన్నానమ్మా. పట్టుకో," అన్నాడు పొద్దుతాత.

చారలమ్మ నోరు బార్లా తెరిచి నిలబడింది. పొద్దున తెరిచిన నోరు మధ్యాహ్నందాకా మూయలేదు. ఏమైంది? నాలుక అప్పడంలా ఎండిపోయింది. ఒక ఈగ లోపలికి వెళ్లి, అంతా చూసుకుని, నచ్చక బయటికొచ్చేసింది. నవ్వకండి! బిడ్డ కోసం ఆమె సాయంత్రందాకా అయినా అలాగే నిలబడేదే. చివరికి తాతకే జాలేసింది.

"నా వంట నోటితో తినేది కాదు తల్లీ. దానికి ఆకుపచ్చటి అరచేయి కావాలి. అది నీకూ లేదు, జింకకూ లేదు. గరికవ్వకు ఉంది. వెళ్లి ఆమెను అడుగు."

గరికవ్వ ఎక్కడో లేదు. చారలమ్మ నిలబడ్డ బండ పక్కనే ఉంది. పులుల కాళ్ల కింద నలిగి, సగం పసుపుపచ్చగా మారిన ముసలి గరిక దుబ్బు ఆమె. చారలమ్మ పుట్టినప్పటినుంచీ ఆమెను తొక్కుతూనే ఉంది గానీ ఒక్కసారీ పలకరించలేదు.

ఆ రోజు కూడా పలకరించలేదు. "బలమంతా నువ్వు దాచుకున్నావన్నమాట!" అంటూ గుప్పెడు పరకలు కొరికి గుటుక్కున మింగింది. మరుక్షణమే కక్కేసింది. మళ్లీ మింగింది, మళ్లీ కక్కింది. మూడోసారి ఓపిక లేక కూలబడిపోయింది. "నా కొడుకు చచ్చిపోతాడవ్వా," అని ఏడ్చేసింది.

ఇంకొకరైతే, తగిన శాస్తి జరిగింది అనేవారు. గరికవ్వ అలాంటిది కాదు. "ఊరుకోమ్మా. నా పరకలు అరిగే పొట్ట జింకది. నీ పొట్ట వేరు. అందుకే తాత పోసిన బలాన్ని నేను జింకకు ఇచ్చి, జింక ద్వారా నీకు పంపుతున్నాను," అంది.

"ఎక్కడ అందుతోంది? నువ్వు పది దోసిళ్లు పంపితే నాదాకా ఒక్క దోసిలే వస్తోంది. మిగిలిందంతా ఆ జింకే దారిలో కాజేస్తోంది!"

"ఎవరు కాజేసింది?" అని కొంచెం దూరం నుంచి ఒక గొంతు వినబడింది. కొండ మీద మిగిలిపోయిన ఒకే ఒక్క ముసలి జింక చుక్కమ్మ, పొద చాటునుంచి తల బయటపెట్టింది. "ఊపిరి తీయడానికి కొంత కావాలి. ఒళ్లు వెచ్చగా ఉండడానికి కొంత కావాలి. పిల్లల్ని మోసి కనడానికి కొంత కావాలి. ఆ మిగిలిన కాస్తా, నిన్ను చూసి పరుగెత్తడానికే అయిపోతోంది! తరిమేదీ నువ్వే, తగ్గిందని గొణిగేదీ నువ్వేనా?"

చారలమ్మకు లేచి తరిమే ఓపిక కూడా లేదు.

"అది దొంగతనం కాదమ్మా, బతకడం," అంది గరికవ్వ. "నేను పెరిగినా బలం ఖర్చే, నువ్వు గాండ్రించినా ఖర్చే. ఖర్చయిపోయిన బలం ఎవరికీ వెనక్కి రాదు. అందుకే తాత రోజూ వచ్చి కొత్తగా పోసి వెళ్తున్నాడు. ఆయన ఎప్పుడైనా ఒక్క రోజు సెలవు పెట్టగా చూశావా?"

చూడలేదు. ఇన్నేళ్లలో ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు. చారలమ్మకు సిగ్గేసింది. "మరి నా బిడ్డను ఎలా బతికించుకోను?" అని మెల్లగా అడిగింది.

"చేతులు మారేకొద్దీ బలం తగ్గిపోతుంది కదా. కాబట్టి మేము బోలెడంతమంది ఉండాలి. మాకంటే జింకలు బాగా తక్కువ ఉండాలి. వాటికంటే మీరు ఇంకా తక్కువ ఉండాలి. ఇక్కడ అంతా తలకిందులైంది. రెండొందలమంది నా మీద పడుకుంటే నేను అరచేయి ఎక్కడ చాపను? విడిపోండి. ఒక్క కొండకు ఒక్క పులి చాలు."

చారలమ్మ వెళ్లి ఆ మాట చెప్పగానే పులులు మండిపడ్డాయి. "గడ్డి చెబితే మనం వినాలా? అక్కచెల్లెళ్లం, అన్నదమ్ములం విడిపోవాలా?" అని గోల గోల చేశాయి. చారలమ్మ ఏమీ వాదించలేదు. బొద్దుగాడిని మెడ పట్టి తెచ్చి వాళ్ల మధ్యలో పడుకోబెట్టింది.

"వీడు నిన్నటిదాకా పాలు అడిగాడు. ఇవాళ అడగడం లేదు," అంది.

ముందుగా ఆమె సొంత చెల్లెలే లేచింది. అక్క నుదురు ఒక్కసారి నాకి, వెనక్కి తిరిగి చూడకుండా తూర్పు కొండ దారి పట్టింది. తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో దారిన వెళ్లిపోయారు. తోడబుట్టినవాళ్లను పంపేసి ఒంటరిగా మిగలడం తేలికా? చారలమ్మ బొద్దుగాడిని నోట కరుచుకుని వాగు వైపు నడిచింది.

ఆ వారం ఆమె వాగులో పీతలూ కప్పలూ పట్టుకు తింది. పులి పీతలు పట్టడం చూసి కొంగలు కడుపు పట్టుకుని నవ్వాయి. నవ్వితే నవ్వనీ అనుకుంది. బొద్దుగాడికి నాలుగు చుక్కల పాలైనా దొరికాయి, ప్రాణం నిలిచింది.

ఇంతలో తొలకరి పడింది. తొక్కేవాళ్లు లేరు కదా, గరికవ్వ వాన చుక్క తగిలిన చోటల్లా లేచింది. కొండ కొండంతా ఆకుపచ్చటి అరచేతులే! పొద్దుతాత దోసిళ్లకొద్దీ పోశాడు. వెళ్లిపోయిన జింకలు పచ్చదనం చూసి పిల్లాపాపలతో తిరిగొచ్చాయి. చారలమ్మకు కడుపు నిండా తిండి దొరికింది. పాలు పొంగుకొచ్చాయి.

బొద్దుగాడు మూతికంతా నురగ పూసుకుని అడిగాడు. "ఇన్ని పాలు నీకు ఎక్కడివమ్మా?"

"జింకలు ఇచ్చినవి నాన్నా. వాటికి గరికవ్వ ఇచ్చింది. ఆమెకు పొద్దుతాత ఇచ్చాడు."

"అంతమంది పాలా!" అని వాడు మళ్లీ తాగడం మొదలుపెట్టాడు.

మర్నాడు చారలమ్మ కొడుకుని వెంటబెట్టుకుని గరికవ్వ దగ్గరికి వెళ్లింది. ఈసారి తొక్కకుండా పక్కన కూర్చుంది. "అవ్వా, నీ రుణం ఎలా తీర్చుకోను? మాంసం తెమ్మంటావా?"

గరికవ్వ పకపకా నవ్వింది. "మాంసం నేనేం చేసుకోను తల్లీ! ఎప్పుడైనా ఇటొచ్చి నా చేత్తో రెండు పరకలు తిని వెళ్లు. ఆకలికి కాదు, నేను ఉన్నానని గుర్తుండడానికి."

"అరగదు కదవ్వా, కక్కేస్తాను."

"కక్కితే కక్కావులే. నువ్వు వచ్చావు, అంతే చాలు."

అప్పటినుంచే అడవిలో గడ్డి లెక్కలేనంత ఉంటుంది, జింకలు మందలుగా ఉంటాయి, పులి మాత్రం ఒంటరిగా తిరుగుతుంది. అప్పటినుంచే పులి, దాని చుట్టమైన మన పెరట్లో పిల్లి కూడా, ఆకలి లేకపోయినా అప్పుడప్పుడు రెండు గరిక పరకలు కొరికి వస్తాయి. మీ పిల్లి గడ్డి తిని వాకిట్లో కక్కితే కసురుకోకండి. అన్నం పెట్టిన అవ్వకు అది దండం పెట్టి వచ్చింది. మనమే ఆమెకు ఇంకా దండం పెట్టలేదు.