రెండూ పదిహేడుకి వెయ్యవలసిన కేక

ఆ రైలుదారి గురించి నాకు తెలిసినంత దాని పట్టాలకు కూడా తెలియదు. పట్టాలు అరవై ఏళ్ళుగా అక్కడే పడి ఉన్నాయని, నేను దాన్ని పటంలో తప్ప చూడలేదని మీరు దెప్పితే మాత్రం, సరే, పట్టాలకే కొంచెం ఎక్కువ తెలుసని ఒప్పుకుంటాను.

జపాన్ దేశంలో టోక్యో నుంచి ఒసాకా దాకా సముద్రం పక్కగా పోయే దారి అది. దాని మీద ముగ్గురు అక్కచెల్లెళ్ళు పరిగెత్తుతుంటారు. పెద్దది ప్రతిధ్వని. దారిలో ఉన్న ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది. నడిపిది వెలుగు. కొన్నిచోట్ల ఆగుతుంది, కొన్నిచోట్ల ఆగదు. ఆఖరిది ఆశ. మహానగరాల్లో తప్ప ఎక్కడా ఆగదు, బతిమాలినా ఆగదు. ఈ పేర్లు నేను పెట్టినవి కావు. వాళ్ళ భాషలో వాళ్ళు పిలుచుకునే పేర్లకు అర్థాలే ఇవి.

పెద్దక్క ఏదో ఒక చిన్న స్టేషన్లో పక్క పట్టా ఎక్కి అయిదు నిమిషాలు ఒదిగి నిలబడుతుంది. వెనకనుంచి చెల్లెలు నడిమి పట్టా మీద దూసుకుపోతుంది.

"జరుగక్కా, జరుగు! నీ ముసలి నడకా నువ్వూనూ!"

"పోవే తల్లీ, పో. ఊళ్ళ పేర్లు కూడా తెలియని బతుకు నీది."

"పేర్లతో నాకేం పని? నేనొస్తుంటే ఊళ్ళే పక్కకి తప్పుకుంటాయి."

వింటే తిట్టుకుంటున్నట్టే ఉంటుంది. కానీ చెల్లెలి గాలి ఒంటికి తగలని రోజు పెద్దక్కకి తోచదు. ఆ గాలి తగిలాక, "దీనికి ఎవరు నేర్పారమ్మా ఇంత పొగరు" అని మురిసిపోతుంది.

తేయాకు కొండల మధ్య అలాంటి చిన్న స్టేషన్ ఒకటుంది. అక్కడ తెల్ల గ్లౌజులు తొడుక్కున్న ఒకాయన ముప్ఫయ్యెనిమిదేళ్ళుగా ప్లాట్‌ఫారం మీద నిలబడుతున్నాడు. చెల్లెలు వెళ్ళేటప్పుడు ఆ గాలికి గొడుగులు తిరగబడతాయి. అప్పుడు పసుపు గీత దాటి ఎవరూ లేరని ఈ చివరినుంచి ఆ చివరికి వేలు చాపి చూపిస్తాడు. గాలి వెళ్ళిపోగానే గొంతెత్తి "సరే!" అని కేక వేస్తాడు. ఆ కేక విన్నాకే ప్రతిధ్వని కదులుతుంది.

ఆ దారిలో పనిచేసేవాళ్ళందరిదీ ఇదే పద్ధతి. కన్ను ఒక్కటే చూస్తే పొరబడుతుందట. నోరు ఒక్కటే చెబితే తూలుతుందట. కన్నూ వేలూ నోరూ ఒక్క మాట మీదికి వస్తేనే తప్పు జరగదట. అందుకని చూపు వేలి చివరనుంచి పక్కకి పోకూడదు. గ్లౌజులాయన చూపు ఎన్నడూ పోలేదు. ఎదురుగా పెళ్ళికూతురు నడిచి వెళ్ళినా ఆయనకు కనిపించేది వేలి కొనే.

ఆయన భార్య ఆ వేలిని ఎప్పుడూ చూడలేదు. పనిలో ఉండగా స్టేషన్‌కి రావద్దన్నాడు, ఆవిడ వెళ్ళలేదు. పోనీ ఇంట్లో ఒకసారి చేసి చూపించమంటే, "ఎదురుగా బండి లేకుండా ఏం చూపించను? అదేమన్నా డ్యాన్సా?" అన్నాడు.

"బండి బదులు నేను నిలబడతానండీ."

"నువ్వు టైముకి కదలవు."

ఇలా ముప్ఫయ్యెనిమిదేళ్ళు గడిచాయి. ఆ రోజుతో ఆయన రిటైరవుతున్నాడు. మధ్యాహ్నం రెండూ పదిహేడుకి వేసే కేకే ఆఖరిది. ఇవాళ రావద్దన్నా సరే వెళ్ళి ప్లాట్‌ఫారం మీద నిలబడాలని ఆవిడ తీర్మానించుకుంది. తన చెల్లెలికి మోకాలి ఆపరేషన్ అయితే సాయంగా టోక్యోలో పది రోజులున్న మనిషి, ఆ పొద్దున ఊదారంగు గుడ్డలో బట్టలు మూటకట్టుకుని స్టేషన్‌కి వచ్చింది. ప్రతిధ్వని ఎక్కాలి. రెండింటికల్లా ఊళ్ళో దిగాలి. అంతే.

ప్లాట్‌ఫారం మీద ఒక వరుస ఉంది. ఒకరి వెనక ఒకరు, గీత గీసినట్టు నిలబడ్డారు. అంత చక్కటి వరుస తప్పు వరుస అయ్యుంటుందని ఆవిడకు తోచలేదు. ఆ దేశంలో ఎవరికీ తోచదు. వెళ్ళి చివర నిలబడింది. వరుసలో నిలబడి వెనక్కి తిరిగి చూడడం అక్కడ మర్యాద కాదు. ఆవిడ మర్యాద గల మనిషి. కాబట్టి ఆవిడ చూడకుండానే వీపు వెనక, అదే ప్లాట్‌ఫారం అవతలి పక్కన ప్రతిధ్వని వచ్చింది, తలుపులు తెరిచింది, ఎక్కేవాళ్ళను ఎక్కించుకుంది, వెళ్ళిపోయింది.

అరగంట తరవాత వరుస కదిలింది. ఆవిడా కదిలింది. సీట్లో కూర్చుని మూట ఒళ్ళో పెట్టుకుంది. టికెట్లు చూసే అమ్మాయి పెట్టెలోకి వచ్చి, అందరికీ కలిపి ఒకసారి తల వంచి, ఆవిడ టికెట్ చేతిలోకి తీసుకుని ఆగిపోయింది.

"అమ్మగారూ, ఇది ఆశ అండీ. మీ ఊళ్ళో ఆగదు. దాన్ని దాటాక నగోయాలో దిగి, వెనక్కి వచ్చే బండి ఎక్కాలి."

"రెండూ పదిహేడుకి చేరతానా?"

"సాయంత్రం అవుతుందండీ."

ఆవిడ చాలాసేపు మూట ముడి వంక చూసింది. తరవాత సంగతంతా చెప్పింది. చెబుతూ చెబుతూ, "నవ్వకు తల్లీ, ముసలిదాన్ని వరుస చూసి మోసపోయాను" అని తనే నవ్వింది. అమ్మాయి నవ్వలేదు.

"బండి ఆపడం నా చేతిలో లేదండీ."

"ఆపమనడం లేదమ్మా. ఒక్కరి కోసం బండి ఆగితే, ఆ బండి అందరికీ ఆలస్యం. ఈ మాట మా ఇంట్లో రోజూ అన్నంతో పాటు వడ్డిస్తారు." మళ్ళీ తనే అడిగింది: "మా ఊరిని దాటడానికి ఎంతసేపు పడుతుంది?"

"ప్లాట్‌ఫారం పొడవునా... అయిదు సెకన్లు."

"చాలు. కేక వినపడకపోతే పోయింది. ఆయన వేలు చూస్తాను."

అమ్మాయి చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పేసింది. "మధ్యలో ప్రతిధ్వని అడ్డంగా నిలబడి ఉంటుందండీ. ఎండ పొద్దు కదా, కిటికీ తెరలన్నీ దించుకుని ఉంటారు. మీకు గోడలాగా కనిపిస్తుంది."

ఇదంతా ఆశ విన్నది. తన కడుపులో కూర్చున్నవాళ్ళ మాటలు రైలు వినకుండా ఎలా ఉంటుంది? వేగం తప్ప ఇంకేదీ పట్టని ఆ పొగరుబోతుకి, పుట్టాక మొదటిసారి, ముందున్న ఒక చిన్న స్టేషన్ గురించి గాభరా పుట్టింది. పట్టాల గుండా కబురు పంపింది.

"అక్కా! ఓ పెద్దక్కా! కొంచెం పక్కకి జరగవే."

"నువ్వు పుట్టినప్పటినుంచీ నీకోసం జరుగుతూనే ఉన్నానుగా. ఇంకెంత జరగనే? ఇంకో అడుగు జరిగితే తేయాకు తోటలో పడతాను."

"ఎగతాళి కాదక్కా." ఆశ సంగతి చెప్పింది. ఊపిరి తీసుకోకుండా చెప్పింది.

"గ్లౌజులాయన భార్యా?" అంది పెద్దక్క. "ఇన్నేళ్ళుగా ఆయన కేక వినే కదులుతున్నాను. సరే, రా. నీ పద్ధతిలోనే రా, నెమ్మదించకు. నేను చూసుకుంటాను."

రెండూ పదహారు దాటింది. ప్రతిధ్వని తన పెట్టెల్లో దీపాలన్నీ ఆర్పేసింది. లోపల చీకటి పడింది. ఒకాయన చదువుతున్న పేపరు కనిపించక విసుక్కుంటూ తెర పైకెత్తాడు. ఒకావిడ అల్లిక దారం జారవిడిచి తెర ఎత్తింది. ఒకరిని చూసి ఒకరు, ఇటు కిటికీలూ అటు కిటికీలూ పైకి లేచాయి. గోడ కాస్తా గాజు అయింది. గాజు అవతల తెల్ల గ్లౌజు పైకి లేస్తోంది.

ఆశ వచ్చింది. వెళ్ళింది.

నగోయా దగ్గరపడుతుండగా ఆ అమ్మాయి పరుగున వచ్చింది. "కనిపించారా అమ్మగారూ? తెరలన్నీ ఎత్తేసి ఉన్నాయి! నేను చూశాను, అదృష్టం అంటే అదీ! మీరు చూశారా?"

ఆవిడ ముఖం ఎర్రబడింది. "తెల్లగా ఏదో లేచిందమ్మా. ఆయనే అనిపించింది. ఇన్నేళ్ళు నిలబడిన మనిషి కదా అని తల వంచాను." "తల ఎత్తేసరికి తేయాకు తోటలు."

అమ్మాయి తనూ తల వంచింది.

ఒసాకాలో అక్కాచెల్లెళ్ళు పక్కపక్కన ఆగారు. ఆశ జరిగింది చెప్పి, ఉసూరుమంది. కానీ దాని నోరు ఎంతసేపు ఊరుకుంటుంది? కాసేపటికే మొదలుపెట్టింది.

"ఔనక్కా, ఇవాళ నువ్వు ఆ స్టేషన్లో పదిహేను సెకన్లు ఆలస్యంగా కదిలావట? దారంతా చెప్పుకుంటున్నారు. పరిగెత్తి ఆలస్యమైతే అర్థముంది. నిలబడి కూడా ఆలస్యమయ్యావా! దీపాలు వెలిగించడం మరిచిపోయావా, కునుకు పట్టిందా?"

పదిహేను సెకన్లంటే మనకు నవ్వొస్తుంది గానీ, ఆ దారిలో అది తలవంపు. నడిపిది వెలుగు కూడా పక్కనుంచి కిసుక్కుమంది. పెద్దక్క ఏ సంజాయిషీ ఇవ్వలేదు. "పెద్దదాన్నయ్యానే" అని మాత్రం అని, తిరుగు ప్రయాణానికి తలుపులు తెరిచింది.

నగోయాలో ఊదారంగు మూట పట్టుకున్న ఆవిడ ఎక్కింది. ఈసారి బండి పేరు మూడుసార్లు చదివి ఎక్కింది. ప్రతిధ్వని ప్రతి స్టేషన్లోనూ ఆగుతూ, దారిచ్చిన ప్రతిచోటా ఓపిగ్గా నిలబడుతూ, ఎండ తగ్గేవేళకి ఆవిడను తేయాకు కొండల మధ్య దింపింది.

ఆయన ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. చేతులకు గ్లౌజులు లేవు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి జేబుల్లో పెట్టి, ఒకసారి వెనక్కి కట్టి, చివరికి ఆవిడ మూట అందుకున్నాడు.

"ఏమండీ, నేను చూడలేదు" అంది ఆవిడ. "తప్పు వరుసలో నిలబడ్డాను. సరే, ఆ బండిలోంచే చూద్దామనుకున్నాను. తీరా మీరు ఎదురయ్యేసరికి తల వంచేశాను."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"చూశాను."

"మీరా? పనిలో ఉండగానా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. వినేవాళ్ళెవరూ లేరు. వాళ్ళ వెనక ప్రతిధ్వని ఒక్కతే, వెళ్ళవలసిన వేళ కోసం నిలబడి ఉంది.

"ఎవరితోనూ అనకు" అన్నాడు. "వేలు చాపాను. ఎదురుగా చీకటి బండిలో తెరలు ఒక్కొక్కటే లేచాయి. ఎందుకో కన్ను పక్కకి పోయింది. అవతలి బండిలో ఊదారంగు మూట, దాని మీద వంగిన తల. నీ తలే. పాపిట దగ్గర ఆ తెల్ల వెంట్రుకలు నాకు తెలియవా?"

"ఆ తరవాత?"

"తరవాత నోరు తెరిచాను." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "బండి నా నోటి వంకే చూస్తూ పదిహేను సెకన్లు నిలబడింది. నడిపే ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, 'పెద్దాయనా, సరేనా?' అని అడిగాడు. నేను తల ఊపాను. వాళ్ళంతా పాపం ఆలస్యం బండిదే అనుకుంటున్నారు."

"మరి కేక?"

"వెయ్యలేదు" అన్నాడు ఆయన. "ముప్ఫయ్యెనిమిదేళ్ళుగా రోజూ అంటున్న మాట. ఒకే ఒక్క మాట. అప్పుడది గుర్తు రాలేదు."