తాడు దగ్గరి నోరు

తాడుమనిషి చేతిలో చచ్చిపోయింది ఆమె మొగుడే. ఫాల్గుణ శుద్ధ దశమి నాడు, పొద్దు నడినెత్తికి రాకముందే.

అతను బావులు తవ్వేవాడు. అడుగున అతను రాళ్లు తట్టకెత్తితే, ఒడ్డున నిలబడి గిలక మీదుగా ఆమె తాడు లాగేది. ఆమె నోటికి ఊరంతా జడిసేది.

ఆ రోజు తట్ట చాలా పైకి వచ్చేసింది. దారిన పోతున్న పొరుగామె ఆగింది.

"మీ ఆయన తవ్విన బావుల్లో నీళ్లకన్నా నీ నోట్లో మాటలే ఎక్కువ ఊరతాయే!"

ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆమె ఎలా అవుతుంది?

"ఆ నీళ్లు తాగేగా నీకీ కూతలొచ్చింది! నీ మొగుడు తవ్వింది పళ్లసందులే గదా!"

వేలు చూపించందే ఆమెకు తిట్టు రాదు. ఒక చెయ్యి లేచింది. రెండో చేతిలోంచి తాడు జారింది. తిట్టు పూర్తయ్యేసరికి తట్ట అడుగుకు చేరింది. కేక వెయ్యడానికి ఆమె నోరు ఖాళీగా లేదు.

శిక్ష ఎవరూ వెయ్యలేదు, ఆమే వేసుకుంది. చెయ్యి నరుక్కుంటే కూడెలా వస్తుంది? అందుకని నోరు మూసింది. తాడు ముట్టనని, మాట ఆడనని ఒట్టు పెట్టుకుని కూలికి మన్ను మోసింది.

ఊరికి ఆ శిక్ష తెగ నచ్చింది. కూలి గింజలు కొలిచే ఆసామి కుంచంలో బొటనవేలు పెట్టి కొలిచాడు. ఆమె తలొంచుకుని కొంగు పట్టింది. "పాపం, ఎంత మంచిదైపోయిందో!" అని పొరుగామె కళ్లొత్తుకుంది. కొందరికి ఎదుటిమనిషి సిగ్గు పాడి ఆవు. రెండు పూటలా పితుక్కోవచ్చు. ఆమె పితకనిచ్చింది. తనకిది తక్కువేనని కూడా అనుకుంది. మొగుడి తువ్వాలు దండెం మీదే ఉండిపోయింది. దాన్ని తీసే మొహం ఆమెకు లేదు.

నాలుగో ఎండాకాలం గొంతు తడుపుకోవడానికే నీళ్లు లేకపోయాయి. కొత్త బావి మొదలుపెట్టారు. అడుగుకు దిగింది చనిపోయినవాడి తమ్ముడు. తాడు మాత్రం ఒక మంచివాడికిచ్చారు. పల్లెత్తు మాట అనడు, పెద్దాచిన్నా తెలిసినవాడు. ఒడ్డున ఉండేవాడి నోరు మంచిదైతే చాలని ఊరి నమ్మకం.

రాళ్ల తట్ట పైకొస్తుండగా ఊరిపెద్ద అటుగా వచ్చాడు. మంచివాడు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

మన్ను మోస్తూ ఆమె పక్కనే ఉంది.

"గోడకంటుకోరా!" అని బావిలోకి అరిచింది. నెత్తి మీది గంప ఎటు పోయిందో తెలీదు. పరిగెత్తుతున్న తాడు మీద పడి రెండు చేతులా బిగించింది. అరచేతుల తోలు ఊడి తాడుకంటుకుంది. మరిది తలకు జానెడు పైన తట్ట ఆగింది.

"నీ మర్యాద మండ! దణ్ణాలు పాడె ఎక్కేటప్పుడు పెట్టుకుందువుగాని, ముందు తాడు పట్టు! ఏమయ్యా పెద్దాయనా, దేవుడల్లే నిలబడతావేం? నువ్వూ ఓ చెయ్యెయ్యి!"

పెద్దాయన నిజంగానే చెయ్యేశాడు.

మరిది పైకొచ్చేసరికి ఆమె నేల మీద కూలబడి, కొంగులో మొహం దాచుకుని ఉంది. బతికించానన్న గర్వం ఎక్కడా లేదు. ఈ కేక ఆ రోజు ఎందుకు రాలేదన్న సిగ్గొక్కటే ఆమెను తినేస్తోంది.

"ఒట్టు తప్పింది. మళ్లీ పాత నోరే," అన్నాడు పెద్దాయన, పంచె దులుపుకుంటూ.

మరిది అటు చూడలేదు. "వదినా, రేపట్నుంచి తాడు నువ్వు పట్టు," అన్నాడు.

"నేనా? మీ అన్నను ఏం చేశానో మరిచిపోయావా?"

"లేదు. చచ్చేదాకా మరవను."

"మరి?"

"కింద చీకటి, వదినా. పైనుంచి నీ తిట్లు వినబడుతుంటే, మనిషి ఉందిలే అని ధైర్యంగా ఉంటుందనేవాడు అన్న. ఈ మంచాయన ఉన్నాడో ఇంటికెళ్లి పడుకున్నాడో నాకు తెలిసి చావదు!"

మర్నాడు పొద్దున్నే ఆమె చేతులకు గుడ్డలు చుట్టుకుని ఒడ్డుకొచ్చింది. బావిలోకి తొంగి చూసి మరిదిని తిట్టడం మొదలుపెట్టింది, తిడుతూనే ఏడ్చింది. వేలు మాత్రం లేవలేదు. వేలు లేపకుండా తిట్టడం ఎంత కష్టమో ఆ నోటికే తెలుసు.

ఆషాఢ శుద్ధ తదియ, గురువారం నాడు నీళ్లు పడ్డాయి. నీళ్లు పడ్డ తేదీని ఒడ్డురాతి మీద చెక్కడం అక్కడి ఆచారం. తేదీ చెప్పాల్సింది తాడుమనిషి. ఆమె చెప్పింది విని రాళ్లు చెక్కేవాడు ఉలి ఆపాడు.

"అదేంటమ్మా? అది మొన్న తట్ట జారిన రోజు గదా!"

"ఆగిన రోజు. చెక్కు."

చెక్కాడు. జ్యేష్ఠ బహుళ నవమి, మంగళవారం.