మోచేతికి మూడు దారులు

డాక్టర్ ప్రభంజన్‌కి ఒక్క మోచెయ్యి లొంగలేదు.

అతని సూది గురి అలాంటిలాంటిది కాదు. కళ్ళకు గంతలు కట్టినా ఎగిరే దోమ మోకాలికి ఇంజెక్షన్ చేసి దింపుతాడని తోటి డాక్టర్లు అనేవారు. అతను కాదనేవాడు కాదు. అంతటివాడి దగ్గరికి, హోటల్లో పెద్ద డేగిశాలో ఉడికే హలీంని బరువైన కర్రతో మెదిపే జహంగీర్ భాయ్ మూడోసారి వచ్చాడు. జబ్బు టెన్నిస్ ఎల్బో. భాయ్ జన్మలో టెన్నిస్ ముఖం చూసినవాడు కాదు.

ప్రభంజన్ మొదట స్టెరాయిడ్ సూదితో ఎక్కించాడు. తగ్గింది. భాయ్ మళ్ళీ కర్ర పట్టాడు. తిరగబెట్టింది. తర్వాత అదే మందుని చర్మం మీద పట్టీ వేసి, సన్నటి కరెంటుతో లోపలికి పంపాడు. తగ్గింది. కర్ర పట్టాడు. తిరగబెట్టింది.

ముందు రంజాన్ ఉంది. చెయ్యి లేవకపోతే హోటల్‌లో భాయ్ పని పోతుంది.

ప్రభంజన్ అతన్ని వెంటబెట్టుకుని గురువు ఖలందర్ గారి గదికి వెళ్ళాడు. ఆయన మెట్లెక్కే చప్పుడుకే వార్డులో సగం నొప్పులు కిటికీల్లోంచి దూకి పారిపోయేవట.

"సార్, సూది మేలా, కరెంటు మేలా? మందుని జెల్‌లో కలిపి అల్ట్రాసౌండ్‌తో పంపమంటారా?"

"చెబుతా గానీ, ముందు ఆ ఇనప కుర్చీ ఎత్తు. అరచెయ్యి నేలవైపు తిప్పి, ఒంటిచేత్తో. దించకుండా ఆ మూడింటి సంగతీ నువ్వే చెప్పు."

ఎత్తాడు. సూది గురించి గంభీరంగా చెప్పాడు. కరెంటు దగ్గరికి వచ్చేసరికి ముంజెయ్యి వణికింది. అల్ట్రాసౌండ్ దగ్గర ముక్కు మీంచి చెమట కారింది.

"జర గట్టిగ పట్టుండ్రి డాక్టర్ సాబ్, అడుగంటుతది!" అన్నాడు భాయ్.

గురువు సొరుగులోంచి జెల్ తీసి శిష్యుడి మోచేతికి నిదానంగా రాశారు.

"తగ్గిందా?"

"కుర్చీ దించనివ్వండి సార్!"

"మందు చాల్లేదేమో. ఇంకొంచెం రాయనా?"

ప్రభంజన్ ఆయన ముఖంలోకి చూశాడు. ఆయన నవ్వడం లేదు.

కుర్చీ దించాడు. దించగానే మోచేతి నొప్పి తగ్గింది. తర్వాత భాయ్ ఫోన్ అడిగి తీసుకుని హోటల్ యజమానికి కలిపాడు.

"నేను చెప్పేదాకా ఈయన కర్ర ముట్టకూడదండీ."

"అట్లయితే ఇంకొకన్ని పెట్టుకుంట సార్."

"పెట్టుకోండి. వాడికి నేర్పేదెవరు?"

అవతల గిన్నెల చప్పుడు మధ్య యజమాని గొంతు వినిపించింది.

"భాయ్‌ని రమ్మనుండ్రి, నేర్పనీకి."