నిప్పులు తొక్కబోయిన భల్లయ్య

చెరుకు తోటల మధ్య బెల్లం వండే పాక ఒకటుంది. దాని వెనక గుట్ట మీద కాపురముండే భల్లయ్య అనే ఎలుగుబంటికి అన్నం, కూర, పచ్చడి అన్నీ బెల్లమే. మనుషులు మధ్యాహ్నం కునుకు తీస్తే చాలు, పెనం అడుగు గీకి నాకేసేవాడు. పైన తేలే తెట్టుని కూడా వదిలేవాడు కాదు. ఇలా కొన్నేళ్లు గడిచేసరికి అతగాడికి దాహం పట్టుకుంది. సగం వాగు తాగడం, తాగిందంతా పొదల చాటున వదిలేసి రావడం, రోజంతా ఇదే పని.

ఆ తరవాత అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టు మొదలైంది. భల్లయ్య తిన్నగా చీమల పుట్ట దగ్గరికెళ్లి తగువు పెట్టుకున్నాడు.

"మీ పిల్లల్ని అదుపులో పెట్టుకోరా? నా కాళ్లెక్కి ఒకటే ఊరేగింపు!"

"నీ కాళ్ల మీద మావాళ్లెవరూ లేరయ్యా," అంది పెద్ద చీమ. "బెల్లమంతా నువ్వే మింగేస్తుంటే మేం పస్తులుంటున్నాం. తగువు పెట్టుకోవాల్సింది మేము!"

కొన్నాళ్లకి ఆ పాకుడు దానంతటదే పోయింది. ఇప్పుడు దూది మీద నడిచినట్టుంది. పీడ విరగడైందనుకున్నాడు పిచ్చి భల్లయ్య.

ఒకరోజు టక్కన్న అనే నక్క ఎదురొచ్చాడు. "మావా, నీ అరికాల్లో బెత్తెడు తుమ్మముల్లు దిగింది. నొప్పి లేదూ?"

భల్లయ్య కాలెత్తి చూసుకున్నాడు. నిజమే, నెత్తురు కూడా కారుతోంది. "నాకేం తెలియలేదే!"

ఇంకొకడైతే ఆ ముల్లు పీకి పుణ్యం కట్టుకునేవాడు. టక్కన్న మాత్రం సాష్టాంగపడిపోయాడు. "ఇది సిద్ధి మావా! మునులు వెయ్యేళ్లు ముక్కు మూసుకున్నా రాని సిద్ధి! నువ్వు ఇవాళ్టి నుంచి స్వామివి, నేను నీ శిష్యుణ్ణి."

బెల్లం ఉన్నచోటే ఈగలు ముసురుతాయి కదా, సాయంత్రానికల్లా గుట్టంతా భక్తులే. తేనెపట్లు, చెరుకుగడలు, పనసతొనలు నైవేద్యాలు. స్వామి సగం, శిష్యుడు సగం. అది కూడా చాలక టక్కన్న ఇంకో ఎత్తు వేశాడు.

"ఆదివారం మధ్యాహ్నం, మనుషులు కునుకు తీసేవేళ, బెల్లం పొయ్యిలోంచి నిప్పులు లాగి గుండం పరిపిస్తా మావా. నువ్వు తొక్కాలి."

"కాలదూ?"

"సిద్ధుడికి కాలడమేంటి, నీ వెర్రి గానీ!"

భల్లయ్య ఛాతీ ఉబ్బింది. పుట్టి బుద్ధెరిగాక తనని అందరూ 'ఒరే తిండిపోతూ' అన్నవాళ్లే తప్ప, స్వామీ అన్నవాళ్లు లేరు మరి.

శనివారం నాడు ముళ్లపంది వైద్యురాలు సూదమ్మ వచ్చింది. దణ్ణం పెట్టలేదు సరికదా, ముక్కు మూసుకుంది.

"ఆ కాలేంటి నాయనా, చీము పట్టి కంపు కొడుతోంది? కళ్లు మూసుకో. నేను గుచ్చినప్పుడు చెప్పు."

భల్లయ్య కళ్లు మూసుకుని చాలాసేపు కూర్చున్నాడు. "ఇంకా గుచ్చవేంటమ్మా?"

"నా ముల్లుతో నాలుగుచోట్ల గుచ్చాను. కళ్లు తెరువు."

"చూశావా మరి నా సిద్ధి!"

"సిద్ధీ లేదు, నా బొందా లేదు! నీ నెత్తురు తీపెక్కి పాకమైపోయింది. ఆ తీపి నరాల్నీ, వాటికి తిండి మోసే సన్నటి నెత్తుటి గొట్టాల్నీ పాడుచేసింది. అన్నిటికంటే పొడుగు నరాలు కాళ్లవి గనక దెబ్బ ముందు వాటికే. మొదట చీమలు పాకినట్టుంటుంది, అది నరాల ఏడుపు. ఇప్పుడు వాటికి ఏడ్చే ఓపిక కూడా లేదు."

"అయితే కాలినా నాకు తెలియదుగా?"

"తెలియదు. కాలడం మాత్రం మానదు. ఈ పుండుతో నిప్పులు తొక్కావంటే పాదం కుళ్లిపోతుంది. ఇక చెట్టెక్కడం కల్ల."

భల్లయ్య గబుక్కున కాలు దగ్గరికి లాక్కున్నాడు. "మందు లేదా తల్లీ?"

"బెల్లం మానెయ్. పుండు నేను చూస్తా. రోజూ కాలెత్తి నువ్వు చూసుకో. పోయినదంతా తిరిగొస్తుందని చెప్పలేను, ఉన్నది నిలబెట్టుకోవచ్చు."

ఆదివారం గుట్టంతా పాక ముందుకొచ్చేసింది. నిప్పులు కణకణలాడుతున్నాయి. భల్లయ్య గుండం గట్టున నిలబడ్డాడు. సెగ మొహానికి కొడుతోంది, కాళ్లకి మాత్రం ఏమీ తెలియడంలేదు. అది చూసుకునేసరికి సూదమ్మ మాట మీద నమ్మకం కుదిరింది. తొక్కనంటే స్వామి పరువు పోతుంది, తొక్కితే కాలే పోతుంది. ఆఖరికి గొంతు సవరించుకున్నాడు.

"భక్తులారా! నా నైవేద్యంలో సగం తిన్నది నా శిష్యుడు. కాబట్టి నా మహిమలో సగం వాడిదే. ముందు వాడు తొక్కుతాడు!"

"టక్కన్నస్వామికి జై!" అన్నారందరూ.

టక్కన్న కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడాడు. "మావా, నాకివాళ ఉపవాసం..."

"ఉపవాసముంటే మరీ మంచిది!" అంటూ రెండు గేదెలు భక్తిగా వెనకనుంచి ఒక్క నెట్టు నెట్టాయి.

ఒకే ఒక్క కాలు నిప్పుకి తగిలింది. "చచ్చాన్రోయ్!" అంటూ టక్కన్న గాల్లోకెగిరి వాగులో పడేదాకా ఆగలేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని కోతులు పడీపడీ నవ్వాయి.

భల్లయ్య మాత్రం నవ్వలేదు. వాగువైపు చూస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎంత అదృష్టవంతుడమ్మా వాడు!" అన్నాడు సూదమ్మతో. "ఒక్క నిప్పుకే తెలిసిపోయింది." అని అందరి ముందూ కూలబడి, చీము పట్టిన కాలు ఆమె ఒళ్లో పెట్టాడు.

కుయ్యోమనే కాలు బతికున్న కాలు. ఉలకని కాలిని కళ్లతోనే కాపలా కాసుకోవాలి.