జున్ను తిన్న రోజు

అనగనగా ఒక కాలవగట్టు ఊళ్ళో నాంచారి అనే పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న శోభనాద్రి గుడ్డల మీద వెదురు కలంతో దేవుళ్ళ బొమ్మలు గీసేవాడు. ఆయన గీత వెంట్రుకంత సన్నంగా ఉండేది.

నాంచారికి పుస్తకాలంటే మహా పిచ్చి. బడికి సెలవులివ్వగానే పాత నోటు పుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలన్నీ చించేది. దబ్బనంతో, పురికొసతో కుట్టి ఒక పుస్తకం చేసేది. అందులో కొన్ని గీతల కాగితాలు, కొన్ని గళ్ళవి, కొన్ని ఏమీ లేనివి. దాన్ని తెరిచి ముందు వాసన చూసేది. ఆ తర్వాత అరచేత్తో నిమిరేది. అప్పుడు ఆ రోజు ముచ్చటంతా రాసుకునేది.

మేనత్త బుల్లెమ్మది ఒకటే ఎగతాళి. "తిన్నదీ తాగిందీ కూడా రాస్తావుటే? రేపు తుమ్మితే అదీ రాస్తావా?" అనేది. నాంచారి నవ్వేసి, ఆ ఎగతాళి కూడా రాసేసేది.

ఒక ఏడాది పొరుగూరి అమ్మవారి రథానికి తెర గియ్యాల్సి వచ్చింది. మూడు తరాలుగా ఆ తెర వీళ్ళింటి నుంచే వెళ్ళేది. గుడ్డని కరక్కాయ పొడి కలిపిన పాలల్లో తడిపి, ఆరబెట్టి, శోభనాద్రి కలం పట్టాడు. గీశాడో లేదో, నల్లరంగు చుట్టూ పాకిపోయింది. అమ్మవారి ముక్కు దోసకాయంత అయింది!

కరక్కాయలు పాతవేమోనని కొత్తవి దంచాడు. మళ్ళీ పాకింది. ఆ తర్వాత కలం మార్చాడు. మళ్ళీ పాకింది. అప్పుడు దిష్టి తగిలిందని అత్త ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా దగ్గులే గానీ గీత మాత్రం నిలవలేదు.

రథోత్సవం పది రోజుల్లోకి వచ్చేసింది. "నా చేతిలో పని పోయింది తల్లీ. తెర ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పేస్తాను," అని శోభనాద్రి కలం కడిగి చూరులో దోపేశాడు. అది చూసి నాంచారికి ఏడుపొచ్చింది. గబగబా వెళ్ళి పుస్తకం తెచ్చింది.

"నాన్నా, గీత ఎప్పటిదాకా బాగుందో చూద్దాం," అని చదివింది. "'సోమవారం. నాన్న గీసిన నెమలి ఎంత బాగుందో!' 'బుధవారం. మన గేదె ఈనింది. జున్ను తిన్నాను. అత్త నాకంటే ఎక్కువ తింది.' 'ఆదివారం. సాంబ్రాజ్యం పిన్ని గేదె పాలు మానేశాం. ఇకనుంచి మన పాలే.'"

శోభనాద్రి నెత్తి కొట్టుకున్నాడు. "నా మతి మండా! లేత పాలు! ఈనిన కొత్తలో, జున్ను పాలు అయిపోయాక వచ్చే పాలు పల్చన. వెన్న లేని పాలల్లో తడిపితే గీత ఎలా ఆగుతుంది? పాలంటే పాలేలే అనుకున్నాను!"

అప్పుడు సాంబ్రాజ్యం ఇంటికి పరుగెత్తి, ఈని చాన్నాళ్ళైన ఆవిడ గేదె చిక్కటి ముదురు పాలు తెచ్చారు. గుడ్డ తడిపారు, ఆరబెట్టారు. శోభనాద్రి ఊపిరి బిగబట్టి కలం ఆనించాడు. గీత గీసిన చోటే నిలబడింది.

రథం కదిలిన రోజు తెర చూసి అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. ఆయన కూతుర్ని భుజానికెత్తుకుని, "చెయ్యి నాది, జ్ఞాపకం దీనిది!" అని అందరికీ వినబడేలా చెప్పాడు. ఇంటికొచ్చాక మిగిలిన గుడ్డతో ఆ పుస్తకానికి అట్ట వేశాడు. దేవుళ్ళకు తప్ప ఎవరికీ ఎత్తని కలంతో దాని మీద 'నాంచారి' అని రాశాడు.

అత్త మెల్లగా పక్కన చేరింది. "ఏమే, ఆ జున్ను మాట కొట్టేసి, నేను దిష్టి తీసిన మాట పెద్దక్షరాలతో రాయవే," అంది.

"రెండూ ఉంటాయత్తా," అంది నాంచారి. ఆ తర్వాత కాగితం నిమిరి ఇలా రాసుకుంది: 'ఇవాళ నాన్న భుజం మీంచి ఊరంతా చూశాను. ఊరంతా నన్ను చూసింది.'

పుస్తకం దిండు కిందికి,
కలమేమో చూరు సందుకి,
కథేమో కంచికి,
నువ్వేమో నా పక్కకి!