సూదులు రాల్చిన చెట్లు

అనగనగా, మంచుకొండల అంచున ఒక చిన్న రాజ్యం. దాని రాజు మణిదత్తుడు. లేకలేక ఆయనకు ఒకే కాన్పులో ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు.

ఆ దేశంలో బిడ్డ పుడితే బిడ్డ పేరున ఒక చెట్టు నాటేవారు. చెట్టు ఎండితే బిడ్డకు గండమట. చివరి ఆకు రాలకముందే దాన్ని నరికేస్తే ఆ గండం చెట్టుతోనే పోతుందట. రాజు ఉత్తరాది వర్తకుడి దగ్గర సూదుల్లాంటి ఆకులున్న చెట్లు మూడు కొని, తోటలో నాటించాడు. తమ దేవదారుల్లాగే ఇవీ ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయనుకున్నాడు. వర్తకుణ్ణి అడగనైనా అడగలేదు.

ఆశ్వయుజం వచ్చింది. ఒక ఉదయం పెద్దపిల్ల చెట్టు నిలువెల్లా పసుపు పూసినట్టు కనిపించింది. ముట్టుకుంటే సూదులు జలజలా రాలాయి. రాజుకు కాళ్ల కింద నేల కదిలిపోయింది. సూది ఆకుల చెట్టు ఆకు రాల్చడం తాతల నాటి నుంచీ ఎవరూ వినలేదు. ముసలి తోటమాలి చెంచక్క ఏదో చెప్పబోయింది. ఆయన వినిపించుకోలేదు, గొడ్డలి తెమ్మన్నాడు.

మూడోనాడు రెండో చెట్టూ అలాగే అయింది. చెంచక్క గోటితో బెరడు గీకి, లోపల ఆకుపచ్చగా ఉందని చూపించింది. రాజు చూశాడు గానీ, భయం ఆయన్ను నమ్మనిస్తేనా? అదీ నేలకూలింది.

వారం తిరిగేసరికి మూడోది పసుపెక్కింది. ఈసారి చెంచక్క వెళ్లి చెట్టును వాటేసుకుంది.

"ప్రభూ, ఇది చావడం కాదు. కొమ్మకొమ్మకీ మొగ్గ కట్టి ఉంది. చైత్రం దాకా ఆగండి. చిగురించకపోతే నా తల తీయించండి."

ముసలిదాని మీద గొడ్డలి వేయించడానికి రాజుకు మనసొప్పలేదు. చెట్టు బోడిగా నిలిచింది. ఆ చలికాలమంతా ఆయన చిన్నపిల్లను ఒళ్లోంచి దించలేదు. పిల్ల తుమ్మితే చాలు, గుండె గుభేలుమనేది.

చైత్రంలో ఆ చెట్టు నిండా లేత సూదులు కుచ్చులు కుచ్చులుగా విచ్చుకున్నాయి. ముగ్గురు పిల్లలూ దాని కింద పాకుతున్నారు. రాజు పట్టలేని సంతోషంతో నవ్వాడు. అంతలోనే ఆయన ముఖం పాలిపోయింది.

"చెంచక్కా, మరి ఆ రెండూ?"

"అవీ బతికున్నవే ప్రభూ. నరికినప్పుడు గొడ్డలికి తడి అంటింది."

రాజు రెండు మోళ్ల మధ్య అలాగే కూలబడిపోయాడు.

ఎరగనిది ఎదురై గుండె బెదిరినప్పుడు ముందు ఎరిగినవాళ్ల మాట వినాలి. గొడ్డలి రేపైనా ఎత్తవచ్చు, కూలిన చెట్టును మాత్రం ఏ రాజూ నిలబెట్టలేడు.